విక్రీయాసంప్రదానం: చేతిలోని ఫోను ఎవరి స్వత్వం?

2018 ఫిబ్రవరిలో తెలుగు లిపికి ప్రపంచ వార్తలలో అనుకోని చోటు దక్కింది. 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో ఎదురైతే ఆపిల్ సంస్థ ఐఫోన్లలో సందేశాలు చదివే యాప్‌లు మూతపడిపోతున్నాయనీ, కొన్ని సందర్భాలలో ఫోనే పదే పదే ఆగి మొదలవుతోందనీ తేలింది. మనం రోజూ రాసే 'జ్ఞా' వల్ల ఆ ప్రమాదం లేదు. 'జ్ఞ' తరువాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని యూనికోడ్ సంకేతం, దాని వెంట దీర్ఘం వచ్చినప్పుడు మాత్రమే ఐఓఎస్ 11లో అక్షరాలను తెరమీద కూర్చే విభాగం దారి తప్పేది. ఫిబ్రవరి 19న విడుదలైన 11.2.6 అప్‌డేట్‌తో సమస్య తీరింది. ఇలాంటి సవరణల వెంట వచ్చే భద్రతా ప్రకటనలకు ఒక స్థిరమైన భాష ఉంది. ఆ భాషలో చెప్పాలంటే ఇది దురుద్దేశంతో కూర్చిన అక్షరాల వరుస. జ్ఞానశబ్దానికి తొలి అక్షరం దురుద్దేశాల పట్టికలో చేరడం తెలుగు విద్యార్థికి నవ్వు తెప్పించే విషయమే.

నవ్వుకొన్న తరువాత మిగిలిన ప్రశ్న నుంచి ఈ వ్యాసం పుట్టింది. ఆ కొద్ది రోజులూ ఫోను కొన్నవారు ఏమి చేయగలిగారు? తయారీ సంస్థ సవరణ పంపేదాకా ఎదురుచూశారు. అక్షరాలు కూర్చే విభాగాన్ని తీసి మరొకటి అమర్చుకొనే వీలు వారికి లేదు. పాత వెర్షన్‌కు వెనుదిరిగే స్వేచ్ఛ కూడా పరిమితమే. కొత్తది వచ్చిన కొద్దికాలానికే సంస్థ పాతదానికి డిజిటల్ ఆమోదం ఇవ్వడం మానేస్తుంది, ఆ ఆమోదం లేనిదే ఫోను దానిని స్వీకరించదు. వేరే బ్రౌజర్ పెట్టుకొన్నా లోపల నడిచేది ఆ సంస్థ యంత్రాంగమే. లోపం ఏ పనిముట్టుకైనా వస్తుంది, అందుకు ఎవరినీ నిందించనవసరం లేదు. నాగలి విరిగితే రైతు వడ్రంగి దగ్గరకు వెళ్తాడు, చేతనైతే తానే చెక్కుకొంటాడు. వేల రూపాయలు పోసి కొన్న వస్తువులో మన లిపికి సంబంధించిన లోపాన్నే మనం ముట్టుకోలేకపోవడం మాత్రం వేరే కోవకు చెందిన విషయం. అమ్మిన తరువాత కూడా వస్తువుమీద ఆజ్ఞాధికారం అమ్మినవాని వద్దనే ఉండవచ్చునా? ఉంటే కొన్నవానికి దక్కినదేమిటి? ఈ ప్రశ్నను భారతీయ స్వత్వ చర్చ వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్వత్వం లౌకికమా, శాస్త్రీయమా?

కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రచించాడు. 13వ శతాబ్దిలో కేతన దానిని విజ్ఞానేశ్వరీయం అన్న పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. కావ్యం కాదు కనుక విద్యార్థులు ఈ గ్రంథం జోలికి పోరు. పరీక్షల కోసం పేరు మాత్రం గుర్తుపెట్టుకొన్నవారిలో చాలాకాలం ఈ వ్యాసకర్త కూడా ఒకరు.

మితాక్షర దాయవిభాగ ప్రకరణంలో, ఆస్తి పంపకాల చర్చకు ముందే, విజ్ఞానేశ్వరుడు ఒక మౌలిక ప్రశ్న లేవనెత్తాడు. ఒక వస్తువు ఒకరిది అని దేనివల్ల తెలుస్తుంది? శాస్త్రం చెప్పితేనే తెలుస్తుందా, లోకవ్యవహారం వల్లనే తెలుస్తుందా? శాస్త్రం వల్లనే అన్నది పూర్వపక్షం. ఆ పక్షం వారి వాదంలో బలం లేకపోలేదు. స్వత్వం కేవలం లౌకికమైతే, వస్తువు ఎవరి చేతిలో ఉంటే వారిదే అవుతుంది. అప్పుడు 'నా సొత్తును ఇతడు అపహరించాడు' అన్న మాటకే అర్థం ఉండదు, ఎందుకంటే ప్రస్తుతం అది అపహరించినవాని చేతిలోనే ఉంది. విజ్ఞానేశ్వరుడు దీనిని అంగీకరించలేదు. శాస్త్రమంటే ఏమిటో ఎరుగని సరిహద్దు ప్రాంతాల ప్రజలలో కూడా కొనడం, అమ్మడం కనిపిస్తున్నాయి కనుక స్వత్వం లౌకికమేనని ఆయన సిద్ధాంతం. అంతమాత్రాన చేజిక్కినది చేజిక్కినవానిది అయిపోదు. క్రయం, దాయం వంటి హేతువులు లోకంలోనే ప్రసిద్ధంగా ఉన్నాయి. దొంగకు వస్తువు దక్కింది గాని హేతువు దక్కలేదు.

ఈ చర్చ మన కాలానికి ఎంత దగ్గరగా ఉందో గమనించాలి. నేడు శాస్త్రం స్థానంలో లైసెన్సు ఒప్పందం ఉంది. కొత్త ఫోను తెరవగానే పదుల పేజీల పాఠం వస్తుంది, చివర 'అంగీకరిస్తున్నాను' అన్న మీట ఉంటుంది. ఫోనులోని సాఫ్ట్‌వేరు మీకు అమ్మలేదు, వాడుకొనే అనుమతి మాత్రమే ఇచ్చాము అని ఆ పాఠం చెబుతుంది. సాఫ్ట్‌వేరు లేనిదే ఫోను గాజు పలక. కనుక గాజు పలక మీద స్వత్వం కొన్నవానికి, దానిని ఫోనుగా చేసే ప్రాణం మీద స్వత్వం తయారీదారుకు అన్నమాట. దుకాణంలో మాత్రం ఈ మాట ఎవరూ అనరు. బిల్లు మీద అద్దె అని ఉండదు, అనుమతి రుసుము అని ఉండదు. విక్రేత అమ్మానంటాడు, కొన్నవాడు కొన్నానంటాడు. ఇంటికి వచ్చి ఇరుగుపొరుగుకు చూపించేవాడు 'కొత్త ఫోను కొన్నాను' అనే అంటాడు, 'షరతులతో కూడిన అనుమతి పొందాను' అనడు. స్వత్వం లౌకికమన్న సిద్ధాంతాన్ని అంగీకరిస్తే, ఈ లోకవ్యవహారానికి ఆ తరువాత తెరమీద కనిపించే పాఠం కన్నా ప్రామాణ్యం ఎక్కువ ఉండాలి. ధర పుచ్చుకొనేటప్పుడు లోకం భాష, హక్కు లెక్కకు వచ్చేటప్పుడు శాస్త్రం భాష మాట్లాడడంలో ఉన్న ద్వంద్వమే నైతికంగా మొదటి అభ్యంతరం.

పుస్తకం వెనక్కు పోయిన రోజు

2009 జులైలో అమెరికాలో జరిగిన ఒక సంఘటన ఈ ద్వంద్వాన్ని బయటపెట్టింది. అమెజాన్ సంస్థ కిండిల్ అనే చదువుపరికరంలో జార్జ్ ఆర్వెల్ నవలలు '1984', 'యానిమల్ ఫామ్' కొన్న పాఠకుల పరికరాలనుంచి ఆ ప్రతులు చెప్పాపెట్టకుండా మాయమయ్యాయి. వాటిని అమ్మకానికి పెట్టినవారికి ప్రచురణ హక్కు లేదని తెలిసి సంస్థ దూరం నుంచే తుడిచివేసింది, సొమ్ము తిరిగి జమ చేసింది. ప్రజల చదువు మీద ప్రభుత్వం నిఘా పెట్టే కథను చెప్పే నవలకే ఈ గతి పట్టడం గురించి ఆనాడు చాలామంది రాశారు కనుక ఇక్కడ దానిమీద నిలవనవసరం లేదు.

ఆసక్తికరమైన విషయం మరొకటి ఉంది. స్మృతుల దృష్టితో చూస్తే అమెజాన్ వాదన తేలికగా కొట్టివేయదగినది కాదు. స్వామి కానివాడు అమ్మడాన్ని అస్వామివిక్రయం అంటారు; పదునెనిమిది వివాదపదాలలో అదొకటి. అలాంటి అమ్మకంలో వస్తువు అసలు యజమానికి చేరాలి, కొన్నవానికి అమ్మినవానినుంచి సొమ్ము తిరిగి రావాలి. అమెజాన్ ఫలితంలో దాదాపు అదే చేసింది. అయితే స్మృతులలో ఇది విచారణతో తేలే విషయం. పోయిన సొత్తు తనదేనని యజమాని ఆధారాలతో నిరూపించుకోవాలి. కొన్నవాని ఇంట్లోకి రాత్రివేళ ప్రవేశించి పట్టుకుపోవడం వ్యవహారం అనిపించుకోదు. ఒక విద్యార్థి ఆ ప్రతి అంచుల్లో తన పాఠశాల పని కోసం రాసుకొన్న వివరణలు కూడా ఈ తుడిచివేతలో నిరుపయోగమయ్యాయి. నవల మీద హక్కు ఎవరిదైనా కావచ్చు, ఆ వివరణలు మాత్రం నిస్సందేహంగా ఆ విద్యార్థివి. సంస్థ అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. క్షమాపణ సంస్కారవంతంగానే ఉంది. కాని పరికరంలో దూరం నుంచి తుడిచివేయగల శక్తి ముందునుంచీ ఉన్నదన్న సంగతి ఆ రోజుదాకా కొన్నవారిలో చాలామందికి తెలియదు.

సోనీ సంస్థ ప్లేస్టేషన్ 3 విషయంలో అస్వామివిక్రయం వంటి సాకు కూడా లేదు. 2006లో ఆ ఆటయంత్రం వచ్చినప్పుడు దానిలో లైనక్స్ వంటి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకొనే సదుపాయం ఉండేది. 2010 ఏప్రిల్‌లో వచ్చిన అప్‌డేట్ దానిని తొలగించింది. అప్‌డేట్ వద్దన్నవారికి ఆన్‌లైన్ ఆటల దారి మూసుకుపోయింది. ఇచ్చినదానిని తిరిగి తీసుకోవడానికి స్మృతులలో దత్తాప్రదానికం అనే వేరే పదమే ఉంది.

యథేష్ట వినియోగం

స్వత్వం అంటే ఏమిటన్న ప్రశ్నకు శాస్త్రకారులలో బాగా ప్రచారంలో ఉన్న సమాధానం యథేష్ట వినియోగ యోగ్యత్వం. అంటే, తన ఇష్టం వచ్చినట్లు ఉపయోగించుకోవడానికి తగి ఉండడం. ఈ నిర్వచనాన్ని ఫోనుకు అన్వయిస్తే ఒక చిక్కు వస్తుంది. ఫోను మొదలయ్యేటప్పుడు ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడపాలో తేల్చే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. తయారీదారు దానికి తాళం వేస్తే, ఆమోదించినది తప్ప మరేదీ నడవదు. అప్పుడు ఆ ఫోను నా ఇష్టం వచ్చినట్లు వినియోగించడానికి తగినది కాదు. నిర్వచనం ప్రకారం అది నా స్వత్వమూ కాదు. తయారీదారుకు కావలసిన ముగింపు ఇదే! అతడు వస్తువును ఎంత బిగిస్తే నా స్వత్వం అంత తగ్గుతుంది, నా స్వత్వం తగ్గింది కనుక బిగించడం తప్పు కాదు.

నవ్యనైయాయికుడు రఘునాథ శిరోమణి 16వ శతాబ్ది ఆరంభకాలపు నవద్వీప పండితుడు. పదార్థతత్త్వనిరూపణంలో ఆయన ఈ నిర్వచనాన్ని మరో కారణంగా తోసిపుచ్చాడు. వినియోగం అంటే ఏమిటి? అన్నం విషయంలో తినడమే వినియోగమైతే, పరుల అన్నాన్ని కూడా తినవచ్చు, నోటికి అది తగకపోలేదు. పరుల సొత్తు తీసుకోరాదని శాస్త్రం నిషేధించింది కదా అంటే, పరుల సొత్తు అన్న మాట అర్థం కావాలంటే స్వత్వం అంటే ఏమిటో ముందే తెలిసి ఉండాలి. నిర్వచనం తన చుట్టూ తానే తిరుగుతుంది. అందువల్ల స్వత్వాన్ని మరి దేనిలోనూ ఇమడ్చలేమని, అది వేరొక పదార్థమని రఘునాథుడు నిర్ణయించాడు.

ఈ నిర్ణయం పండితుల సూక్ష్మవివాదంగా కనిపించవచ్చు. దాని నైతిక ఫలం మాత్రం పెద్దది. చేయగలగడం వేరు, తనది కావడం వేరు అని అంగీకరించిన తరువాత, చేయలేకపోవడం నుంచి తనది కాకపోవడం తేలదు. తాళం పడిన ఫోను నాదే. నాదైన దానిలో నాకు చెందవలసిన శక్తిని ఎవరో పట్టి ఉంచారు. దొంగ చేతిలో ఉన్నంతమాత్రాన సొత్తు దొంగది కానట్లే, తయారీదారు అదుపులో ఉన్నంతమాత్రాన ఫోను తయారీదారుది కాదు. విజ్ఞానేశ్వరుడు పూర్వపక్షానికి ఇచ్చిన సమాధానం ఇక్కడ రఘునాథుని నిర్ణయంతో కలిసివస్తుంది. వారిద్దరూ వేరువేరు దర్శనాల దారిలో నడిచినవారని, ఈ కలయిక మన అవసరం కొద్దీ చేస్తున్నదని ఒప్పుకోవాలి.

ఇక్కడ ఒక స్వానుభవం చెప్పడం అప్రస్తుతం కాదనుకొంటాను. నేను ఉన్నత పాఠశాలలో ఉన్న రోజులలో మా అన్నయ్య ఒక స్మార్ట్‌ఫోను కొన్నాడు. అందులో తెలుగు అక్షరం ప్రతిదీ ఖాళీ పెట్టెగా కనిపించేది. ఆనాడు తెలుగులో ఏదైనా చదవాలంటే ఒపెరా మినీ బ్రౌజర్‌లో ఒక మూల అమరికను మార్చి, అక్షరాలను బొమ్మలుగా తెప్పించుకొనేవారు. ఈ తరహా ఉపాయాలు ఆ కాలపు తెలుగు చదువరులకు గుర్తుండే ఉంటాయి. అన్నయ్య అంతటితో ఆగలేదు. ఫోనును రూట్ చేసి, అంటే తయారీదారు తన వద్ద ఉంచుకొన్న సర్వాధికారాన్ని ఉపాయంతో సంపాదించి, సిస్టమ్ ఫాంట్ల మధ్య ఒక తెలుగు ఫాంటును పెట్టాడు. వత్తులు సరిగ్గా పడలేదు. అయినా పెట్టెల స్థానంలో అక్షరాలు వచ్చాయి. ఆ రాత్రి మా ఇంట్లో ఆ ఫోను చేతులు మారిన తీరు నాకు ఇప్పటికీ గుర్తు. కొన్ని నెలల తరువాత ఛార్జింగ్ పెట్టే చోటు వదులైతే సర్వీస్ సెంటర్‌లో ఫోను చూసి, రూట్ చేశారు కనుక వారంటీ వర్తించదన్నారు. ఫాంటుకూ ఛార్జింగ్ రంధ్రానికీ సంబంధమేమిటని అన్నయ్య అడిగాడు. కంపెనీ నియమం అన్నారు. ఆ ఫోను పెట్టె మీద తెలుగు పనిచేయదని ఎక్కడా రాసిలేదు.

అన్నయ్య చేసినది తప్పా? అతడు ఎవరి రచననూ నకలు తీయలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. తన వస్తువును తన భాష చదివేటట్లు చేసుకొన్నాడు. తయారీదారు నియమం ఈ పనికీ దొంగ నకలుకూ భేదం చూడదు.

చట్టాలు ఎటువైపు?

చట్టాలు ఈ భేదాన్ని కొంత చూశాయి, ఒక్కొక్క దేశం ఒక్కొక్క తీరుగా. అమెరికాలో 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం 1201వ సెక్షన్ సాంకేతిక తాళాలను తప్పించడాన్నే నిషేధించింది. మినహాయింపులను మూడేళ్లకొకసారి అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అధిపతి ప్రకటిస్తారు. 2010లో, ఆపిల్ సంస్థ వ్యతిరేకించినా, వేరే యాప్‌లు నడుపుకోవడం కోసం ఫోను తాళం తీసుకోవచ్చునని ఆ అధికారి మినహాయింపు ఇచ్చారు. సొంత ఫోనును తెరుచుకోవచ్చునా అన్నది ఒక గ్రంథాలయాధికారి తేల్చడం మన శాఖవారికి కొంత గర్వం కలిగించినా, మూడేళ్లకోసారి అనుమతి అడగవలసిన హక్కును హక్కు అనడం కష్టం.

మన కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ మేలు. ఆ చట్టం ఇచ్చిన హక్కులను భంగపరచాలన్న ఉద్దేశంతో తాళాన్ని తప్పిస్తేనే నేరం. ఫాంటు పెట్టుకోవడంలో అలాంటి ఉద్దేశం లేదు. ఇక 1930 నాటి వస్తు విక్రయ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం పరిస్థితులు వేరుగా సూచించకపోతే, కొన్నవాడు వస్తువును నిరాటంకంగా అనుభవిస్తాడన్న హామీ ప్రతి అమ్మకంలోనూ చెప్పకుండానే ఇమిడి ఉంటుంది. తయారీదారులు ఒప్పందం పాఠం మీద అంతగా ఆధారపడడానికి కారణం ఇక్కడ తెలుస్తుంది. చట్టం ఇలా ఉన్నా ఆచరణలో ఒక లోటు మిగులుతుంది. తాళం తీసుకోవడం నేరం కాదనడం ఒకటి, తాళంచెవి ఇవ్వవలసిందే అనడం ఒకటి. మన చట్టం మొదటిది చెబుతుంది, రెండవదానిపై మౌనంగా ఉంది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద సంఘాన్ని నియమించి, వ్యవసాయ పరికరాలతో పాటు మొబైల్ ఫోన్లను కూడా దాని పరిశీలనలో చేర్చింది. మరమ్మతు హక్కు తాళంచెవిదాకా వెళ్తుందా అన్నది తేలవలసి ఉంది.

భద్రత అన్న అభ్యంతరం

ఈ వ్యాసానికి గట్టి అభ్యంతరం మా ఇంట్లోనే ఉంది. ట్రాఫిక్ చలానా పేరుతోనో, పెళ్లి శుభలేఖ పేరుతోనో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు పంపి, అవి తెరిచినవారి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే మోసాల గురించి రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులూ హెచ్చరిస్తూనే ఉన్నారు. మా నాన్నగారికి అలాంటి చలానా ఒకటి వచ్చింది. ఆయన దానిని నొక్కారు. "ఏదో అడిగిందిరా, సరే అన్నాను" అని ఆ సాయంత్రం నాతో అన్నారు. తెలియని చోటునుంచి వచ్చిన యాప్‌ను అనుమతించాలా అని ఫోను రెండోసారి అడిగినప్పుడు ఏమి నొక్కాలో తెలియక పక్కన పెట్టేయడం వల్ల ఆయన నెల పింఛను మిగిలింది. ఆ రోజు ఆ రెండో ప్రశ్నకు నేను కృతజ్ఞుణ్ణి. తాళమే లేని ఫోను మా నాన్నగారి చేతిలో పెట్టడానికి నాకు ధైర్యం లేదు.

కనుక తాళం ఉండాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదని ఒప్పుకోవాలి. ఇంటికి తాళం వేయనివారెవరు? కాని ఇంటి తాళంచెవి ఇంటివారి మొలలో ఉంటుంది, మేస్త్రీ దగ్గర ఉండదు. రక్షణ కోసం ఇతరుల ఆస్తిని పట్టి ఉంచడాన్ని స్మృతులు ఎరగకపోలేదు. బాలుని వారసత్వ ధనాన్ని రాజు కాపాడాలని మనుస్మృతి చెబుతుంది. ఎంతకాలం? ఆ బాలుడు గురుకులం నుంచి తిరిగి వచ్చేదాకా, లేదా బాల్యం దాటేదాకా. రక్షకునికి గడువు ఉంది, గడువు తీరాక అప్పగింత ఉంది. తయారీదారు రక్షణకు ఇవి రెండూ లేవు. అందులో కొన్నవాడు ఎన్నటికీ బాలుడే.

పైగా రక్షణ అన్న మాట ఎప్పుడూ రక్షణనే సూచించదు. బయటి దుకాణంలో వేలిముద్ర మీట మార్పించుకొన్న ఐఫోన్లు, అప్‌డేట్ తరువాత ఎర్రర్ 53 అన్న సంఖ్య చూపి పూర్తిగా మూగబోయిన వ్యవహారం 2016లో బయటపడింది. అది భద్రత కోసమని ఆపిల్ మొదట చెప్పింది. కొద్దిరోజులకే, అది కర్మాగారంలో పరీక్ష కోసం ఉద్దేశించినదని, కొన్నవారి మీద ప్రభావం చూపాలని పెట్టినది కాదని చెప్పి సవరణ ఇచ్చింది. బయట మరమ్మతు చేయించారన్న కారణంతో వినియోగదారులకు పరిహారం నిరాకరించినందుకు ఆస్ట్రేలియా ఫెడరల్ న్యాయస్థానం 2018లో 90 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది. హైదరాబాదు ఆబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్‌లో భూతద్దం కింద తలవంచి ఫోన్లు బాగుచేసే పనివారికి ఈ తీర్పు గురించి తెలియకపోవచ్చు. ఒక ఫోనులోని అసలైన భాగాన్ని అదే రకం మరో ఫోనులో పెడితే అది తనది కాదని మొరాయించడం ఎలా ఉంటుందో వారికి బాగా తెలుసు.

నాన్నగారి ఫోనుకూ అన్నయ్య ఫోనుకూ ఒకే నియమం పెట్టనవసరం లేదు. తాళం వేసి అమ్మవచ్చు. అడిగినవానికి, హెచ్చరించి, చెవి ఇవ్వాలి. ఇవ్వడం కొంత శ్రమతో కూడినదైనా ఆక్షేపణ లేదు. వారం రోజులు ఆగమన్నా, దాచుకొన్న సమాచారమంతా చెరిగిపోతుందని చెప్పినా, అవి మోసగానిని అడ్డుకొనే కంచెలే అవుతాయి, ఎందుకంటే మోసగానికి కావలసినది తొందర. చెవి పుచ్చుకొన్న తరువాత జరిగే నష్టం పుచ్చుకొన్నవానిది. స్వత్వంలో నష్టపోయే స్వాతంత్ర్యం కూడా ఒక భాగమని అనడానికి నాకు కొంచెం బెరుకుగానే ఉంది. ఎవరైనా తీయ్యటి మాటలతో మా నాన్నగారిచేత ఆ చెవి అడిగించగలరని నాకు తెలుసు. అయినా ఆయన భూమి కాగితాలు కూడా ఆయన బీరువాలోనే ఉన్నాయి, వాటి మీద సంతకం పెట్టించగలవారూ ఉన్నారు. అంతమాత్రాన కాగితాలు భూమి అమ్మినవాని దగ్గర ఉంచుదామని ఇంట్లో ఎవరం అనలేదు.

యథేష్టం అన్న మాటకు హద్దు లేదని దీని భావం కాదు. ఫోను రేడియో తరంగాలతో పనిచేస్తుంది. ఆ భాగాన్ని మార్చితే పొరుగువారి సంభాషణకు అడ్డుపడవచ్చు. పొలం నాదైనా పక్కవాని పొలానికి నీరు కట్టివేయరాదు. అయితే ఈ హద్దు గీసేది రాజ్యం, విచారణతో, అందరికీ సమానంగా. అమ్మినవాడు తన లాభనష్టాలను బట్టి గీసే గీతకు ఆ గౌరవం ఇవ్వలేము.

అమ్మి అప్పగించకపోవడం

ఇంతవరకు చేసిన చర్చ అంతా యాజ్ఞవల్క్యుడు ఎప్పుడో పేరు పెట్టిన ఒక వివాదపదం చుట్టూ తిరుగుతోంది. ధర పుచ్చుకొని సరుకును కొన్నవానికి అప్పగించకపోవడం విక్రీయాసంప్రదానం. అలా చేసినవానిచేత సరుకును, ఈలోగా దానివల్ల కలిగిన వృద్ధితో సహా ఇప్పించాలని ఆ స్మృతి విధి. ఆవును అమ్మి తోలి ఇవ్వకపోతే, ఈలోపు పుట్టిన దూడను కూడా ఇవ్వాలన్నట్లు. తాళం పడిన ఫోనును ఈ పదం కింద చేర్చడం ఈ వ్యాసం ప్రతిపాదన. గాజు, లోహం అప్పగించారు. ఏది నడవాలో నిర్ణయించే శక్తిని అట్టేపెట్టుకొన్నారు. ధర మాత్రం మొత్తానికి తీసుకొన్నారు. పైగా అట్టేపెట్టుకొన్న భాగం ఊరకే లేదు. తమ యాప్ దుకాణం ద్వారానే కొనాలన్న నియమంతో, అక్కడ జరిగే అమ్మకాలలో వాటాతో, అది ఏటా ఈనుతూనే ఉంది. దూడ ఎవరిది అన్న ప్రశ్నను ఎవరూ అడగడం లేదు.

దీనికి ఒక ప్రత్యుత్తరం ఊహించవచ్చు. కొన్నవానికి ముందే తెలిసి కొన్నాడు కదా, తెలిసి కొన్నదానిలో లోపం ఎంచడమేమిటి? తాళం ఉందని, దాని అర్థమేమిటని, ధర చెప్పేటప్పుడే దుకాణంలో తెలుగులో చెబితే ఈ ప్రత్యుత్తరానికి బలం ఉంటుంది. చెప్పినా పూర్తి బలం రాదు. అన్ని దుకాణాలలోనూ ఒకే తాళం ఉన్నప్పుడు, ఫోను లేనిదే రేషను, పింఛను, విద్యార్థుల ఉపకార వేతనం కదలని రోజులలో, తెలిసి కొనడం అన్నది ఎంపిక అనిపించుకోదు.

దానం, విక్రయం, దాయం అన్నవి స్వత్వానికి లోకం ఎరిగిన గుర్తులు. ఇవ్వగలిగితే, అమ్మగలిగితే, పిల్లలకు విడిచిపెట్టగలిగితే అది తనది. మొదటి రెండింటి సంగతి కొంతవరకు ఫరవాలేదు, పాత ఫోన్ల అంగళ్లు బాగానే నడుస్తున్నాయి. మూడవది మితాక్షర చర్చ మొదలైన చోటికే మనలను చేరుస్తుంది. విజ్ఞానేశ్వరుడు స్వత్వం గురించి అడిగినది దాయవిభాగం కోసమే. మా పరిశోధక మిత్రులలో ఒకరికి తాతగారి నుంచి రెండు బీరువాల పుస్తకాలు వచ్చాయి. అంచులనిండా ఆయన వ్రాలు ఉన్నాయి, అందులో కొన్ని ఆయన గురువుగారివి. తాతగారు పోయాక వాటికోసం ఎవరి అనుమతీ అడగవలసిన పని పడలేదు. అదే మిత్రుని తండ్రిగారు మూడేళ్ల క్రితం కాలం చేశారు. చివరి పదేళ్లూ ఆయన చదివినదంతా ఒక చదువుపరికరంలో ఉంది. అంచుల్లో ఆయన రాసుకొన్నవీ అందులోనే ఉన్నాయి. పరికరం ఇంట్లో ఉంది. ఖాతా ఆయన పేరున ఉంది, పుస్తకాలు ఇతరులకు బదిలీ కావని ఒప్పందంలో ఉంది, సంకేతపదం ఎవరికీ తెలియదు. మిత్రుడు నెలకొకసారి దానికి ఛార్జింగ్ పెడతాడు. తెర మీద సంకేతపదం అడిగే గడి వస్తుంది, కాసేపటికి ఆరిపోతుంది.